డీజిలును గంటల్లో కొలవాలి

ఈ టపాలో పద్యం లేదు, పుస్తక పరిచయం లేదు, వ్యాకరణ చర్చ అసలే లేదు. మా మేనమామ గారి క్రేను లారీకి రెండో డీజిలు ట్యాంకు బిగించాలా వద్దా అన్నదే విషయం. ఇంతోటి విషయానికి ఒక టపానా అనుకునేవారు ఇక్కడితో సెలవు తీసుకోవచ్చు, నేనేమీ అనుకోను. అయితే ఒక కుర్రవాడి ఊపిరితిత్తులు దీనితో ముడిపడి ఉన్నాయి. అందుకే రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాది జూలూరుపాడు. ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, ఏన్కూరు మీదుగా కొత్తగూడెం వెళ్లే దారిలో వస్తుంది. 2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లా అని రాసుకునేవాళ్లం, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అని రాసుకుంటున్నాం. పేరు మారినా ఊరి నడుమ రోడ్డు అదే, దాని మీద లారీలూ అవే. కొత్తగూడెం బొగ్గు, పాల్వంచ విద్యుత్కేంద్రం, సారపాక కాగితపు మిల్లుకు పోయే జామాయిలు, సుబాబుల్ దుంగలు: వీటిని మోసే బండ్లన్నీ ఈ చుట్టుపక్కల దారులనే పట్టుకుని బతుకుతున్నాయి. బండ్లున్న చోట బోల్తాలుంటాయి. బోల్తాలున్న చోట మా మామయ్య ఉంటాడు.

ఆయన దగ్గర ఉన్నది పాత లారీ ఛాసిస్ మీద బిగించిన క్రేను. గోతిలో పడ్డ బండిని తాడు వేసి పైకి లాగడం, ముందు చక్రాలు ఎత్తి కొక్కేనికి తగిలించుకుని షెడ్డుకు చేర్చడం ఆయన వృత్తి. భద్రాచలం దాటి చింతూరు, అక్కడినుంచి మారేడుమిల్లి ఘాటు దాకా పిలుపులు వస్తాయి. చింతూరు, కూనవరం వంటి మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయాయి కానీ, లోయలో పడ్డ లారీకి రాష్ట్రాల సరిహద్దుతో పనిలేదు. ఎవరి క్రేను దగ్గరగా ఉంటే వారికే ఫోను.

గడిచిన వానాకాలంలో ఒక సాయంత్రం ఘాటులో దుంగల లారీ ఒకటి పక్కకు ఒరిగిందని పిలుపు వచ్చింది. మామయ్య ట్యాంకులో 110 లీటర్లు ఉన్నాయి. వెళ్లారు, ఆరు గంటలు కష్టపడి లాగారు, కొక్కేనికి తగిలించుకుని దిగారు. చింతూరు చేరేసరికి రాత్రి రెండు దాటింది. తెరిచి ఉన్న బంకు కనబడలేదు. ముల్లు అడుగుకు దిగిపోయింది. ఆగిపోదామంటే వెనుక దుంగల బరువు, పైన వాన. క్యాబిన్ వెనుక మోకుతో కట్టిన డ్రమ్ములో కొంత డీజిలుంది. దాన్ని ట్యాంకులోకి ఎక్కించడానికి పంపు లేదు. మామయ్య దగ్గర పనిచేసే కుర్రవాడు ఎప్పటిలాగే గొట్టం నోట పెట్టుకుని పీల్చాడు. ఎప్పటిలాగా కాక, ఈసారి డీజిలు గొంతు దాటి ఊపిరిలోకి పోయింది. ఖమ్మంలో నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టవలసి వచ్చింది. బతికాడు. ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు.

డీజిలు మింగితే కడుపుకన్నా ఊపిరితిత్తులకే ఎక్కువ ప్రమాదం. పలుచని నూనె గనుక చుక్కలు చుక్కలుగా శ్వాసనాళంలోకి జారి న్యుమోనియా తెస్తుంది. అందుకే మింగినవారిని బలవంతంగా వాంతి చేయించకూడదంటారు వైద్యులు, వాంతితో పాటు మళ్లీ ఊపిరిలోకి పోతుందని. ఈ సంగతి రోడ్డు మీద ఎంతమందికి తెలుసు? నోటితో పీల్చడం మన దారుల మీద ఒక చేతిపనిలా, ఇంకా చెప్పాలంటే ఒక నైపుణ్యంలా చలామణీ అవుతోంది.

ఆ తరువాత మామయ్య ఒక నిశ్చయానికి వచ్చారు. పాత ఇనుప దుకాణంలో పెద్ద లారీ తాలూకు 400 లీటర్ల ట్యాంకు ఒకటి చూసి వచ్చారు. "ఏం అల్లుడూ, చదువుకున్నోడివి గదా, ఇది బిగిస్తే ఇగ బంకు మొకం చూసే పనుండదు. ఏమంటవ్?" అని నన్ను అడిగారు.

"మామయ్యా, రెండు రోజులు ఆగండి, లెక్క వేసి చెబుతాను" అన్నాను. ఆ లెక్కే ఈ టపా.

మన దగ్గర బండి గురించి ఎవరిని అడిగినా ముందు వచ్చే ప్రశ్న "ఎంత ఇస్తుంది?" అని. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని దాని అర్థం. మామయ్య బండి ఖాళీగా పోతే లీటరుకు 4 ఇస్తుంది. ట్యాంకు 160 లీటర్లు. అంటే కాగితం మీద 640 కిలోమీటర్లు. జూలూరుపాడు నుంచి మారేడుమిల్లి ఘాటుకు రానూపోనూ మూడు వందల కిలోమీటర్ల పైచిలుకే. ఇంకేం, దాదాపు రెండుసార్లు పోయి రావచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే మోసపోతాం.

మామయ్య దగ్గర ఒక పాత నోటుపుస్తకం ఉంది. దాని ప్రకారం వెనుక బండి తగిలించుకుని నడిస్తే లీటరుకు 2 కిలోమీటర్లే. నిలబడి తాడు లాగేటప్పుడు, ఇంజను శక్తితోనే విన్చి తిరుగుతుంది గనుక, గంటకు 5 లీటర్ల దాకా కాలుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. పోవడానికి 165 కిలోమీటర్లు, 41 లీటర్లు. ఆరు గంటల పని, 30 లీటర్లు. తగిలించుకుని తిరిగి రావడం, 82 లీటర్లు. మొత్తం 153. పూర్తిగా నింపిన 160 లీటర్ల ట్యాంకులో మిగిలేది 7 లీటర్లు! 110 లీటర్లతో బయలుదేరినవాడి గతి ఏమవుతుందో వేరే చెప్పాలా?

కాబట్టి నా మొదటి అభిప్రాయం ఇది. సరుకు లారీకి డీజిలును కిలోమీటర్లలో కొలవవచ్చు. క్రేను బండికి గంటల్లో కొలవాలి. బండి కదలకుండా నిలబడి పనిచేసే కాలం మైలేజీ లెక్కలో ఎక్కడా కనబడదు. పొలంలో ట్రాక్టరు, బోరు వేసే రిగ్గు, జేసీబీ నడిపేవారికి ఇది తెలిసిన విషయమే, వారు గంటల లెక్కనే మాట్లాడతారు. క్రేను మాత్రం రోడ్డు మీద నడుస్తుంది గనుక లారీ లెక్కలోకి పోయింది.

రెండో అభిప్రాయం మామయ్యకు రుచించలేదు. ఆ రాత్రి తప్పు ట్యాంకుది కాదు. నింపకుండా బయలుదేరడానిది. ఎందుకు నింపలేదని అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వుకు అర్థం నాకు తెలుసు. లీటరు తొంభై రూపాయలు దాటిన రోజుల్లో 160 లీటర్లంటే పద్నాలుగు వేల రూపాయల పైమాట. అంత సొమ్మును ఎప్పుడొస్తుందో తెలియని పిలుపు కోసం ట్యాంకులో పోసి ఉంచాలి. లాగిన బండి యజమాని డబ్బు ఎప్పుడిస్తాడో తెలియదు, బీమా సొమ్ము వచ్చాక ఇస్తానంటాడు. చేతిలో ఉన్నదాన్ని బట్టి రెండు వేలకో మూడు వేలకో పోయించుకోవడం అలవాటవుతుంది. ట్యాంకు కొనడం ఒక ఎత్తు, దాన్ని నింపి ఉంచడం మరొక ఎత్తు. 400 లీటర్ల ట్యాంకులో 110 లీటర్లే పోస్తే, 160 లీటర్ల ట్యాంకులో పోసినంత దూరమే పోతుంది. పైగా ఆ ఇనుము బరువు కూడా మోయాలి.

మరి రెండో ట్యాంకు అక్కరలేదా? అక్కడికే వస్తున్నాను. పోవడం, పని, లాక్కురావడం కలిపి 153 లీటర్లు అనుకున్నాం. దానికి నాలుగో వంతు అదనంగా ఉంచుకోవడం వివేకం, సుమారు 38. మొత్తం 191. కంపెనీ ఇచ్చిన ట్యాంకు 160. అంటే పూర్తిగా నింపుకుని పోయినా కూడా ఈ పనికి ఆ ట్యాంకు నిజంగానే చాలదు. మామయ్య కోరిక అత్యాశ కాదు, అవసరమే. కానీ కావలసింది 400 లీటర్లు కాదు, 100 లీటర్లు. అవసరాన్ని కొలిచి చూసుకోకపోతే భయమే కొలత అవుతుంది. ఒక రాత్రి దారిలో ఆగిపోయినవాడు వంద లీటర్లతో తృప్తిపడడు.

బరువు సంగతి కూడా చూద్దాం. డీజిలు నీటికన్నా తేలిక, లీటరు సుమారు 0.83 కిలోలు. 100 లీటర్లంటే 83 కిలోలు. 400 లీటర్లంటే 330 కిలోల పైచిలుకు, ట్యాంకు బరువు అదనం. క్రేను బండికి ఈ బరువు ఎక్కడ కూర్చుంటుందన్నది మరీ ముఖ్యం. వెనుక కొక్కేనికి లారీ తగిలించినప్పుడు వెనుక ఇరుసు ఆధారంగా ముందుభాగం తేలికవుతుంది, తూనిక తక్కెడలాగా. స్టీరింగు పట్టు తగ్గుతుంది. ఘాటు మలుపుల్లో అదెంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. కాబట్టి ట్యాంకు క్యాబిన్ దగ్గరగా, ముందు ఇరుసుకు చేరువలో ఉంటే మేలు చేస్తుంది. వెనుక ఇరుసు దాటి బిగిస్తే కీడు చేస్తుంది. ఇనుప దుకాణంవారు సూచించిన స్థలం, ఊహించగలరు కదా, వెనుక ఇరుసు దాటాకనే. అక్కడ ఖాళీ ఉందట!

ఇక బిగించే పద్ధతి. మా ఊరి వెల్డరు పనివాడితనం మీద నాకు గౌరవం ఉంది. అయినా కొన్ని సంగతులు చెప్పక తప్పలేదు. పాత ట్యాంకు ఖాళీగా కనబడినా లోపల ఆవిరి ఉంటుంది. వెల్డింగు నిప్పు తగిలితే బాంబులా పేలుతుంది. శుభ్రంగా కడిగి, ఆవిరిపట్టి, ఆవిరి లేదని తేల్చుకున్నాకే నిప్పు దగ్గరకు రానివ్వాలి. జింకు పూసిన రేకుతో డీజిలు ట్యాంకు చేయకూడదు. జింకు డీజిలుతో కలిసి మడ్డిలాంటి పదార్థమై ఫిల్టరులో, ఇంజెక్టరులో పేరుకుంటుంది. సగం నిండిన ట్యాంకులో డీజిలు మలుపు మలుపుకూ ఊగుతుంది గనుక లోపల అడ్డురేకులు ఉండాలి. గాలి పోయే గొట్టం ఉండాలి. సైలెన్సరుకు దూరంగా ఉండాలి.

రెండు ట్యాంకులను కలిపే పైపు దగ్గర ఎక్కువమంది తప్పు చేస్తారు. ఇంజను తీసుకున్న డీజిలంతా కాల్చదు, మిగిలింది రిటర్న్ పైపు ద్వారా వెనక్కి పంపుతుంది. ఒక ట్యాంకునుంచి తీసుకుంటూ మరొక ట్యాంకుకు వెనక్కి పంపితే, ఒకటి ఎండిపోతుంటే రెండోది పొంగిపొర్లుతుంది. రెండింటినీ అడుగున ఒకే పైపుతో కలిపితే మట్టాలు సమానంగా ఉంటాయి, నిజమే. కానీ ఆ పైపు బండికి కింది భాగంలో వేలాడుతుంది. అడవిదారిలో ఏ మొద్దో రాయో తగిలి అది తెగితే రెండు ట్యాంకులూ ఒకేసారి నేలపాలవుతాయి. అందుకే రెండు చివరలా వాల్వులు ఉండాలి, పైపుకు ఇనుప తొడుగు ఉండాలి. అమెరికాలో ట్యాంకును దాని సామర్థ్యంలో 95 శాతానికి మించి నింపడానికి వీల్లేకుండా తయారు చేయాలని నిబంధన పెట్టారు. ఎండకు నూనె వ్యాకోచిస్తుంది గనుక కాస్త ఖాళీ విడవాలన్నది అందులోని సూక్ష్మం. మే నెలలో కొత్తగూడెం ఎండ తెలిసినవారికి దీని అవసరం వివరించనక్కరలేదు.

2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్-6 లారీలున్నవారికి ఒక మాట. ఆ బండ్లలో చాలావాటికి డీజిలుతో పాటు డ్రైవర్లు 'యూరియా' అని పిలిచే డెఫ్ ద్రవం కూడా కావాలి. అది అయిపోతే బండి తన శక్తిని తానే తగ్గించుకుంటుంది. డీజిలు ట్యాంకు మాత్రం పెంచి దీన్ని మరిచిపోతే లాభం లేదు. రెండింటిలో ఏది ముందు అయిపోతే బండి దూరం అంతే.

ఇప్పుడు చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తరువాత అనుమతి లేని ఒక్కొక్క మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఖాళీ బండి బరువు ఆ పత్రంలో ఉంటుంది. కాబట్టి ముందుగా రవాణా కార్యాలయానికి దరఖాస్తు పెట్టి లిఖితంగా అనుమతి తెచ్చుకోవడం, బీమా సంస్థకు తెలియజేయడం తప్పనిసరి. లేకపోతే ప్రమాదం జరిగిన నాడు బీమావారు మొదట వేలు చూపేది ఆ ట్యాంకువైపే.

మరోవైపు పెట్రోలియం చట్టం, 1934 ఉంది. డీజిలు అందులో 'బి' తరగతి. బండిలో అంతర్భాగమైన ఇంధనపు ట్యాంకుకు లైసెన్సు అక్కరలేదు. ఏ పాత్రా 1,000 లీటర్లు మించకుండా, మొత్తం 2,500 లీటర్లు దాటనంతవరకు ఈ తరగతి నూనె ఉంచుకోవడానికీ ఆ చట్టం లైసెన్సు అడగదు. ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొక విడ్డూరం తోచింది. సరిగ్గా బిగించిన ట్యాంకుకు అనుమతులు కావాలి, మోకుతో కట్టిన డ్రమ్మును మాత్రం దారిలో ఎవరూ పట్టించుకోరు. ఫలితంగా భయస్తుడు, బీదవాడు డ్రమ్మునే ఎంచుకుంటాడు. డ్రమ్ము ఉన్నచోట గొట్టం, గొట్టం ఉన్నచోట ఒక కుర్రవాడి నోరు.

పెద్ద ట్యాంకుల వెనుక వేరొక ఉద్దేశం కూడా ఉంటుందని దాచనక్కరలేదు. 2017లో జీఎస్టీ వచ్చినా డీజిలు దాని బయటే ఉండిపోయింది. రాష్ట్రానికొక పన్ను, రాష్ట్రానికొక ధర. చవకగా ఉన్న ఒడ్డున నింపుకుని ఖరీదైన ఒడ్డు దాటిపోవడం లారీవారికి వెన్నతో పెట్టిన విద్య. ఐరోపా సమాఖ్యలో సరిహద్దు దాటే లారీల మామూలు ట్యాంకులోని ఇంధనానికి రెండోసారి సుంకం ఉండదు, అయితే 'మామూలు ట్యాంకు' అంటే తయారీదారు శాశ్వతంగా బిగించినదని నిర్వచనం రాసుకున్నారు. అక్కడా ఇదే తెలివి, ఇదే జాగ్రత్త అన్నమాట. లీటరుకు రూపాయో రెండో మిగుల్చుకోవడానికి 400 లీటర్ల ట్యాంకు కావాలంటే అది వ్యాపారం. అలాంటిదాన్ని అవసరమనే పేరుతో నన్ను సమర్థించమనవద్దని మామయ్యకు చెప్పేశాను.

"ఎందుకంత భయం, ఇప్పుడు ఎటు చూసినా బంకులే కదా" అనే మిత్రులకు రెండు సంఘటనలు గుర్తు చేస్తాను. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తరువాత అంతటి వరద అదే. 1965లో ప్రారంభమైన వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అవతలి ఒడ్డున ఉన్నవాడు అవతలే, ఇవతలి ఒడ్డున ఉన్నవాడు ఇవతలే. రెండోది 2024 జనవరి మొదటివారం. కొత్త శిక్షాస్మృతిలోని హిట్ అండ్ రన్ నిబంధనకు వ్యతిరేకంగా డ్రైవర్లు బండ్లు ఆపేస్తే, రెండు రోజుల్లోనే హైదరాబాదులో బంకుల ముందు బారులు తీరాయి. రాజధానికే అంత కటకటైతే అడవి అంచున ఉన్నవాడి సంగతేమిటి? క్రేను, అంబులెన్సు, అగ్నిమాపక శకటం వంటివి సరిగ్గా అలాంటి రోజునే ఎక్కువ అవసరమవుతాయి.

మన పెద్దవాళ్లకు ఈ కటకట కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు దొరకక బస్సులకు వెనుక బొగ్గు కుంపట్లు కట్టి, ఆ గ్యాసుతో నడిపారు. బొగ్గుబస్సుల కథలు వినని పాత కుటుంబం మన తెలుగునాట అరుదు. బండి ఆగిపోకూడదన్న పట్టుదల మనకు తాతల నాటినుంచీ ఉంది. లేనిదల్లా ఆ పట్టుదలకు తోడుగా ఒక కొలత, ఒక క్రమం.

నా తీర్పు, తీర్పంటే పెద్దమాట, నా అభిప్రాయం ఇది. మొదటిది, డ్రమ్ము దిగిపోవాలి. తప్పనిసరై తోడవలసి వస్తే కొన్ని వందల రూపాయలకు దొరికే చేతిపంపు వాడాలి, ఎవరి నోరూ వాడకూడదు. రెండవది, పని ముగించి ఇల్లు చేరే ముందే ట్యాంకు నింపాలి, అప్పు చేసైనా. నిండు ట్యాంకును ఖర్చుగా కాక పనిముట్టుగా చూడాలి. మూడవది, 100 లీటర్ల రెండో ట్యాంకు, కొత్తది, అనుమతితో, ముందు ఇరుసుకు దగ్గరగా. నాలుగవది ప్రభుత్వాలకు. భద్రాచలం నుంచి ఘాటు దాకా రాత్రంతా తెరిచి ఉండే ఒక బంకూ, అత్యవసర బండ్లకు కేటాయించిన కొంత నిల్వా రెండు రాష్ట్రాలూ కలిసి ఏర్పాటు చేయవచ్చు. ఒక్కొక్క క్రేనువాడూ తన బంకును తానే వీపున మోసుకుని తిరగడం స్వావలంబన కాదు, మన చేతగానితనం.

ఇదంతా చదివి వినిపిస్తే మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాలుగొందల ట్యాంకు బేరమాడి వచ్చిన గదా అల్లుడూ, ఇప్పుడెట్ల కాదనేది?" అన్నారు. పక్కనే కూర్చున్న కుర్రవాడు లేచి వెళ్లి క్యాబిన్ వెనుక మోకు విప్పడం మొదలుపెట్టాడు. విప్పుతూ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. మామయ్య అది చూశారు. మర్నాడు బేరం రద్దు చేసుకుని వచ్చారు. రవాణా కార్యాలయానికి పెట్టవలసిన దరఖాస్తు నా చేతే రాయించారు.

అనుమతి ఇంకా రాలేదు. చేతిపంపు మాత్రం వచ్చింది.

మీ ప్రాంతాల్లో లారీలు, క్రేన్లు, రిగ్గులు నడిపేవారు ఈ సమస్యను ఎలా ఎదుర్కొంటున్నారో తెలిసిన మిత్రులు చెప్పగలరు. నా లెక్కలో తప్పుంటే నిర్మొహమాటంగా దిద్దండి. దరఖాస్తుతో పాటు ఈ లెక్కనూ జతచేశాను, అక్కడివారికన్నా ముందు మీరు తప్పు పట్టుకుంటే నాకు గౌరవం దక్కుతుంది.